ఎడమ నుంచి కుడికి ఒకే దారి

మా ఇంటికి వీడియో గేమ్ పెట్టె వచ్చినప్పుడు నాకు పదేళ్లు, అక్కకి పన్నెండు. మాది పులికాట్ సరస్సు ఒడ్డున చేపలు పట్టేవాళ్ల ఊరు. నాన్న పడవ మీద పోయేవాడు. అమ్మ చేపల గంప నెత్తిన పెట్టుకుని సూళ్లూరుపేట స్టేషనుకి నడిచేది. వలలు కొనడానికి మద్రాసు వెళ్లిన మేనమామ ఫుట్‌పాత్ మీద ఆ పెట్టెను చూసి మా ఇద్దరి కోసం తెచ్చాడు. దాంతో పాటు ఒక పచ్చ క్యాసెట్. దాని అట్ట మీద వందల ఆటలున్నట్టు రాసి ఉంది. పెట్టి చూస్తే ఉన్నవి నాలుగే. ఆ నాలుగే పేర్లు మార్చుకుని మళ్లీ మళ్లీ వచ్చేవి.

అందులో ఒకదాన్ని మేం ప్రాణంగా ఆడాం. ఒక చిన్న బొమ్మ మనిషి తెర మీద ఎడమ నుంచి కుడికి పరిగెడతాడు. గుంట వస్తే దూకాలి, రాయి దొర్లితే తప్పుకోవాలి, చివర కనిపించే తలుపులోకి వెళ్లాలి. అంతే. అక్కడితో ఒక లెవెల్ అయిపోయినట్టు. మూడు లెవెల్స్ బాగానే నడిచేవి. నాలుగోది మొదలవగానే బొమ్మలన్నీ చెదిరిపోయి, తెరంతా నిలువు గీతలై ఆగిపోయేది. క్యాసెట్ తీసి నోటితో ఊదాం. గౌను అంచుతో తుడిచాం. ఎండలో కూడా పెట్టాం. లాభం లేకపోయింది.

"దాని తరవాత ఏముంటాదే?" అని అక్క ఒకరోజు అడిగింది.

"నాకేం తెలుసు?"

"తెలీకపోతే నువ్వే చెప్పు."

నేను చెప్పలేదు, గీశాను. నోటుపుస్తకంలో తెల్లకాగితాలు చించి, అన్నం మెతుకులతో ఒకదానికొకటి అంటించి, బారెడు పొడవు పట్టీ చేశాను. దాని మీద నేల, గుంటలు, మెట్లు, ముళ్లు గీశాను. చెప్పుల అట్టపెట్టెకు మధ్యలో కిటికీలా కోసి, రెండు పక్కలా చీలికలు చేసి, పట్టీని అందులోంచి లాగితే ఒకసారికి ఒక్క తెరంత బొమ్మే కనిపిస్తుంది. అక్క చేతిలోని చింతపిక్కే బొమ్మ మనిషి. నేను పట్టీ లాగుతుంటే అక్క ఆ పిక్కను గుంటల మీద నుంచి దూకించాలి. పిక్క గుంటలో పడితే నేను "పడినావ్" అని అరిచేదాన్ని.

మొదటి పట్టీలో మొదటి అడుగులోనే గుంట పెట్టాను. అక్క పిక్క విసిరేసింది. "వచ్చీ రాగానే చంపేస్తావా? ఆడ గుంట ఉండాదని నాకెట్టా తెలస్తాది?" అంది. రెండో పట్టీలో ముందు కాస్త నేల గీశాను. ఈసారి చివరికి దగ్గరగా వచ్చి పడిపోయింది. నేను పట్టీని మొదటికి లాగాను. "పడినప్పుడల్లా మొదట్నించీ అంటే నేనాడను పో," అని లేచిపోయింది. బతిమాలి కూర్చోబెట్టి, మధ్యలో ఒక పడవ గీసి, ఇకమీదట పడితే ఆ పడవ దగ్గర నుంచి మొదలుపెట్టొచ్చని ఒప్పుకున్నాను. పదిహేనేళ్ల తర్వాత చెన్నైలో నా మొదటి ఉద్యోగంలో ఇవే సంగతులను పెద్ద పెద్ద పేర్లతో నాకు నేర్పబోయారు. నేను బుద్ధిగా తలూపుతూ విన్నాను గానీ, లోపల మాత్రం 'ఇవి నాకు మా అక్క ఎప్పుడో నేర్పింది' అనుకున్నాను.

ఇప్పుడు నా పని అదే. ఆటల్లో దారులు గీస్తాను. సూళ్లూరుపేటలో కాపురం, చెన్నైలో ఎనిమిది మంది పనిచేసే చిన్న కంపెనీ. వారంలో మూడు రోజులు పొద్దున రైలెక్కుతాను, మిగతా రోజులు ఇంట్లోనే పని. మొదటి నాలుగేళ్లు వేరేవాళ్లు గీసిన లెవెల్స్‌లో చెట్లు, రాళ్లు, మబ్బులు వేశాను. తర్వాత కంపెనీ సొంతంగా ఒక ఆట చేద్దామనుకున్నప్పుడు అందరినీ కథలు చెప్పమన్నారు. నేను ఒక చేపల గంప పిల్ల కథ చెప్పాను. పిల్ల సరస్సు దగ్గర బయల్దేరి రైలు వచ్చేలోపు స్టేషనుకి చేరాలి. అందరికీ నచ్చింది. పేచీ వచ్చింది దారి దగ్గరే.

మా టీమ్‌ను నడిపించే లీడ్ చెన్నై ఆయన. నాకన్నా ఆరేళ్లు పెద్ద. మంచి చిత్రకారుడు, మనసు కూడా మంచిది. ఆయనకు సరస్సంతా తెర మీద పరిచి, ఆడేవాళ్లని అందులో వదిలెయ్యాలని ఉంది.

"ఒకే దారి వేస్తే రైలుపెట్టెలు పట్టాల మీద పోయినట్టు పోవడమే గదా," అన్నాడు తమిళంలో. "ఎటు కావాలంటే అటు పోయే వీలుండాలి. అప్పుడే అది వాళ్ల ఆట అవుతుంది."

"మా అమ్మ పాతికేళ్లు ఒకే దారిలో స్టేషనుకి నడిచింది సార్," అన్నాను. "రెండు పక్కలా నీళ్లు, మధ్యలో కట్ట. ఎటు కావాలంటే అటు పోతే గంపతో సహా మునిగిపోయేది."

గదిలో ఉన్నవాళ్లంతా నవ్వారు. ఆయన కూడా నవ్వాడు. కానీ వదల్లేదు. "సరే, ఒక్క లెవెల్ నీ ఇష్టం వచ్చినట్టు చెయ్యి. ఒకటి నేను చేస్తాను. రెండూ జనం చేత ఆడించి చూద్దాం," అన్నాడు.

ఆ సాయంత్రం రైల్లోంచే అమ్మకి ఫోన్ చేశాను. రేవు దగ్గర నుంచి స్టేషను దాకా దారిలో ఏమేమి వచ్చేవో చెప్పమన్నాను.

"ఎందుకే ఇప్పుడు?"

"ఆటలో పెడతా ఉండా."

"నా నడకా? దాంట్లో ఆటేముండాది?" అంటూనే మొదలుపెట్టింది. ముందు రేవు చెక్కలు, తర్వాత బురద, తర్వాత పడవలు అడ్డంగా కట్టేసి ఉండే చోటు, కాకులు గంప మీద వాలే మలుపు, తూము, ఉప్పు పండించే కయ్యలు, పొడుగు కట్ట, రైలు గేటు. ఎక్కడా ఆగలేదు, ఒకటి ముందూ ఒకటి వెనకా కాలేదు. నేను ఒళ్లో నోటుపుస్తకం పెట్టుకుని గబగబా రాసుకున్నాను. అమ్మ చెప్పిన వరసే నా లెవెల్ అయింది.

దాని మీద ఆరు వారాలు పనిచేశాను. మొదట రేవు మీద ఒక చెక్క ఊడిపోయి ఉంటుంది. కింద మోకాళ్ల లోతు నీళ్లే. పడినా పిల్ల చావదు, పాదాలు తడుస్తాయి, చుట్టూ నాలుగు చేపపిల్లలు ఎగురుతాయి, పక్కనే పైకెక్కే మెట్టు ఉంటుంది. అంటే దూకడం నేర్చుకోవడానికి అక్కడ భయం లేదు. రెండో ఖాళీ కూడా అంతే వెడల్పు, కానీ కింద లోతు. మూడో చోట చెక్కకు బదులు ఊగే పడవ. నాలుగో చోట రెండు పడవలు, ఒకటి పైకి లేస్తే ఇంకొకటి కిందికి దిగుతుంది. తర్వాత అవే పడవలకు కాకులు తోడవుతాయి. ప్రతిచోటా కొత్తది ఒక్కటే, మిగతాదంతా తెలిసిందే. ఎక్కడికి దూకాలో తెలియడానికి అవతల ఒక మెరిసే చేపను పెట్టాను.

ఈ సుఖం ఒకే దారి ఉన్న ఆటలోనే దొరుకుతుంది. ఆడే మనిషి రెండు పడవల దగ్గరికి వచ్చాడంటే ఒక్క పడవను దాటే వచ్చాడని నాకు ఖాయంగా తెలుసు. అతని వేళ్లకు అప్పటికి ఏం తెలుసో, ఏం తెలియదో నాకు తెలుసు. ఎక్కడ భయపెట్టాలో, ఎక్కడ ఊపిరి తీసుకోనివ్వాలో నా చేతిలో ఉంటుంది. అందుకే ఉప్పు కయ్యలు దాటాక పొడుగు కట్ట మీద ఏమీ పెట్టలేదు. గాలి, నీళ్లు, దూరంగా ఒంటికాలి మీద నిలబడ్డ ఫ్లెమింగోలు, అంతే. లీడ్ అది చూసి, "ఇక్కడేంటి, ఖాళీగా వదిలేశావు?" అని అడిగాడు. ఖాళీ కాదు సార్, నడక అన్నాను.

ఇక ఎవరిచేతైనా ఆడించి చూడాలి. ఎప్పుడూ ఆటలు ఆడని మనిషి కావాలి. అలాంటి మనిషి మా ఇంట్లోనే ఉంది. మా అత్తగారిది కొడవలూరు వైపు వరి పండించే కుటుంబం. మోకాలికి ఆపరేషన్ అయి, మూడు నెలలు మా దగ్గరే ఉండటానికి వచ్చింది. ఫోన్‌ను మాట్లాడటానికి తప్ప దేనికీ ముట్టుకోదు. మధ్యాహ్నం అన్నాలయ్యాక భయం భయంగానే అడిగాను.

"అత్తమ్మా, ఒక ఆట ఆడి చూస్తారా? మీకు ఓపిక ఉంటేనే."

"ఆపరేషన్ మోకాలికి గదా అయింది, చేతులకి కాదే. తే చూద్దాం," అంది.

మా పనిలో ఒక నియమం ఉంది. ఆడుతున్నప్పుడు గీసినవాళ్లు నోరు తెరవకూడదు. రేపు ఆట కొన్నవాళ్ల పక్కన మనం కూర్చుని చెప్పం కదా. అందుకని నడవడానికి ఏ మీట, దూకడానికి ఏ మీట అని కూడా చెప్పకుండా, ఆమెను కంప్యూటర్ ముందు కూర్చోబెట్టి, వెనక పీట వేసుకుని పుస్తకం పట్టుకు కూర్చున్నాను.

మొదటి ఖాళీలో పిల్ల నీళ్లలో పడింది. "అయ్యో, పడిపోయినాది," అని నా వైపు తిరిగింది. నేను పుస్తకంలోకి తల వంచాను. "మోకాళ్ల లోతే లే," అని తనే సర్దుకుని, ఏదో నొక్కింది. పిల్ల ఎగిరింది. అత్తగారు కుర్చీలో ముందుకు జరిగింది. "ఎగరతాది!" అంది, ఎవరితోనో కాదు, తనతో తనే.

ఊగే పడవను దాటింది. రెండు పడవల దగ్గర నాలుగుసార్లు పడి, ఐదోసారి దాటింది. కాకుల్ని తిట్టుకుంటూ దాటింది. ఆ దారిలో నేను అక్కడక్కడా చెక్క బోర్డులు పెట్టి 'ఇక్కడ దూకండి', 'కాకులతో జాగ్రత్త' అని రాసి ఉంచాను. ఆమె చదువుకునే కళ్లద్దాలు లోపల గదిలోనే ఉన్నాయని నాకు అప్పుడు గుర్తొచ్చింది. ఇక ఉండబట్టలేక నియమం తప్పాను.

"ఆ బోర్డుల మీద రాసింది చదవకుండానే ఎట్టా దాటినారు అత్తమ్మా?"

"చదివేదానికి ఏముండాది? ముందు దాటించిందే గదా మళ్లీ పెట్టినావు, కాస్త కష్టం చేసి," అంది తెర మీద నుంచి కళ్లు తిప్పకుండా.

నేను మా లీడ్‌కి ఆఫీసులో అరగంటసేపు తెల్లబోర్డు మీద గీతలు గీసి చెప్పినా పూర్తిగా ఎక్కని సంగతిని ఆమె ఒక్క ముక్కలో అనేసింది. లోపల్లోపల గర్వపడ్డాను. వెంటనే ఆ బోర్డులన్నీ తీసెయ్యాలని పుస్తకంలో రాసుకున్నాను.

గర్వం ఎక్కువసేపు నిలవలేదు. ఉప్పు కయ్యల దగ్గర ఆమె ఆగిపోయింది. ఒకే చోట పదకొండుసార్లు పడింది. నేను లెక్కపెడుతూనే ఉన్నాను. పన్నెండోసారి పడ్డాక మీటల మీద నుంచి చేతులు తీసేసి నా వైపు తిరిగింది.

"అమ్మాయ్, ఈడ నువ్వు అబద్ధం చెప్పినావు."

"ఏంది అత్తమ్మా?"

"ఇందాకంతా మెరిసే చేప యాడ కనిపిస్తే ఆడికి దూకమన్నావు. దూకితే కాలికింద నేల ఉన్నింది. ఇప్పుడు మెరిసే చేపను పెట్టి, కింద నేల లేకుండా చేసినావు. నిన్ను నమ్మి వచ్చిన దాన్ని గుంటలో తోస్తే ఎట్టా?"

నాకు కోపం వచ్చింది. అది నేను ఎంతో తెలివిగా పెట్టాననుకున్న మెలిక. ఆడేవాళ్లు మెరిసే చేపకు ఆశపడి మోసపోవాలి, తర్వాత నవ్వుకోవాలి. ఆమెకు ఆటలు తెలియవు, అందుకే అలా అంటోంది అనుకుంటూ టీ పెట్టడానికి వంటింట్లోకి వెళ్లాను. పాలు పొంగేలోపు ఆమె మాట లోపలికి దిగింది. ఆడే మనిషికి నేను ఇంకో దారి ఇవ్వలేదు. ఉన్న ఒక్క దారీ నేనే చూపిస్తున్నాను. నా మాట నమ్మడం తప్ప ఆ మనిషికి వేరే ఆధారం లేదు. అలాంటప్పుడు మోసం చెయ్యడం తెలివి కాదు. టీ తీసుకుని వచ్చేసరికి ఆమె ఇంకా పట్టు వదలకుండా దూకుతూనే ఉంది.

"మీరు చెప్పిందే నిజం. మారుస్తాను," అన్నాను.

"మార్చి పిలువు. ఆ పిల్ల రైలెక్కిందో లేదో నేను చూడాల," అంది గ్లాసు అందుకుంటూ.

మార్చాను. మర్నాడు మధ్యాహ్నం ఆమె రైలు గేటు దాటించి, పిల్లను స్టేషనులో నిలబెట్టింది. ఆ రోజంతా ఇంటికి వచ్చిన ప్రతివాళ్లకూ తనే రైలెక్కినట్టు చెప్పుకుంది.

నెల తర్వాత నెల్లూరులో ఒక ఇంజనీరింగ్ కాలేజీవాళ్లు ఆటల ప్రదర్శన పెట్టారు. లీడ్ లెవెల్ ఒక కంప్యూటర్‌లో, నాది పక్క కంప్యూటర్‌లో పెట్టాం. పొద్దున జనమంతా ఆయన వైపే. అందులో సరస్సు చూడటానికి అంత బాగుంటుంది మరి. ఎటు కావాలంటే అటు పడవ వేసుకుని పోవచ్చు. ఒక అమ్మాయి మూలనున్న దీవిలో పడవలు బాగుచేసే ముసలాయన్ని కనిపెట్టి, చప్పట్లు కొట్టుకుంది. నా దగ్గర ఒక విద్యార్థి రెండు పడవల దాకా ఆడి, "ఇది పాత మోడల్ గేమ్ అక్కా," అని లేచి వెళ్లిపోయాడు. నేను చేతులు కట్టుకుని నిలబడే ఉన్నాను. నా మొహం ఎలా ఉందో నాకు తెలియదు గానీ, లీడ్ వచ్చి ఒక నీళ్ల సీసా ఇచ్చి వెళ్లాడు.

భోజనాల తర్వాత ఒక అమ్మాయి నా కంప్యూటర్ ముందు కూర్చుంది. ఆమె స్నేహితులు నలుగురైదుగురు వెనక నిలబడ్డారు. కాకుల దగ్గర అందరూ కలిసి అరిచారు. ఉప్పు కయ్యల దగ్గర అందరూ కలిసి ఊపిరి బిగబట్టారు. ఆ అమ్మాయి పొడుగు కట్ట ఎక్కింది. అంతసేపూ ఎగిరి దూకిన పిల్ల మామూలుగా నడుస్తోంది. అరుపులు ఆగిపోయాయి. కట్ట సగం దాటాక దూరంగా రైలు కూత వినిపిస్తుంది. ఆ కూతకు నీళ్లలో నిలబడ్డ ఫ్లెమింగోలన్నీ ఒక్కసారి లేస్తాయి, తెరంతా గులాబీ రంగు కమ్ముకుంటుంది. ఆడుతున్న అమ్మాయి చెయ్యి ఆగిపోయింది. వెనకున్నవాళ్లు "అబ్బా" అన్నారు. ఆ వెంటనే ఎవరో, "రైలే! పరిగెత్తు, పరిగెత్తు!" అని కేక పెట్టారు.

ఆ అమ్మాయి తర్వాత ఇంకొకరు కూర్చున్నారు. ముందు ఆడినవాళ్లు వెళ్లిపోలేదు. కొత్తగా ఆడే అబ్బాయి కట్ట ఎక్కగానే వాళ్లు తెర చూడటం మానేసి, ఒకళ్లనొకళ్లు మోచేత్తో పొడుచుకుంటూ, అతని ముఖం చూడటం మొదలుపెట్టారు. పక్షులు లేచాయి. అతని ముఖం మారింది. వాళ్లు గెలిచినట్టు నవ్వారు. సాయంత్రం దాకా అదే జరిగింది. వరండాలో నడుస్తుంటే, ఒకళ్లకొకళ్లు పరిచయం లేని ఇద్దరు విద్యార్థులు "నువ్వు కాకుల దగ్గర ఎన్నిసార్లు పడ్డావ్?" అని మాట్లాడుకోవడం నా చెవిన పడింది. నేను గీసిన మలుపు అది. ఒక ఊళ్లో వాళ్లు తమ ఊరి మలుపు గురించి మాట్లాడుకున్నట్టు మాట్లాడుకుంటున్నారు.

సామాను సర్దుకుంటుంటే లీడ్ నా పక్కన నిలబడ్డాడు.

"నా లెవెల్‌లో ఒకరు చూసింది ఇంకొకరు చూడలేదు," అన్నాడు. "బాగుందన్నారు, కానీ కలిసి మాట్లాడుకోడానికి వాళ్లకి ఏమీ దొరకలేదు. మిగతా పదకొండు లెవెల్స్ నీలాగే గీయగలవా?"

"గీస్తాను సార్." ఒక్క క్షణం కూడా ఆలోచించలేదు. తర్వాత అన్నాను: "ఆ పడవల ముసలాయన్ని నాకివ్వండి. ఐదో లెవెల్లో దారి పక్కన కూర్చోబెడతాను. అప్పుడు ఆయన్ని అందరూ చూస్తారు."

ఆయన ముఖం విప్పారింది. "తీసుకో," అన్నాడు.

పన్నెండు లెవెల్స్ పూర్తవడానికి ఏడాదిన్నర పట్టింది. ఆట బయటికి వచ్చి ఇప్పటికి కొన్ని నెలలైంది. గొప్పగా అమ్ముడుపోయిందని చెప్పను, కానీ ఆడుతున్నారు. మొన్న చెన్నై రైల్లో నా ఎదుటి సీట్లో కాలేజీకి వెళ్లే అమ్మాయి ఫోన్లో అదే ఆడుతోంది. రెండు పడవల దగ్గర ఉంది. మూడుసార్లు పడింది. నాలుక మీదికి వచ్చిన మాట మింగేసి కిటికీలోంచి చూస్తూ కూర్చున్నాను. నాలుగోసారి దాటి, తల ఎత్తి ఊరికే నవ్వింది. అది ఎవరు గీశారో ఆ అమ్మాయికి తెలియదు. తెలియకపోవడమే బాగుందని నాకు అనిపించింది.

మా అత్తగారు మోకాలు బాగయ్యాక కూడా నెలకోసారి వచ్చి పోతోంది. పన్నెండూ పూర్తిచేసింది. పోయినసారి వచ్చినప్పుడు వీధిలో కూరగాయల బండి దగ్గర ఎదురింటావిడతో మాట్లాడుతుంటే నేను గేటు లోపలి నుంచి విన్నాను.

"మా కోడలు దారులు వేస్తాది," అంటోంది అత్తగారు.

"రోడ్ల ఆఫీసులోనా అమ్మా? అయితే మన వీధి గుంటల సంగతి కాస్త చూడమనరాదా?" అంది ఎదురింటావిడ ఆశగా.

"ఆ దారులు కావమ్మా, ఆటలో దారులు. పడినా దెబ్బ తగలదు, మళ్లీ లేపి ఆడనే నిలబెడతాది." అత్తగారు వంకాయ ఒకటి తీసి తిప్పి చూస్తూ గొంతు పెంచింది. "ఆ పన్నెండూ చివరిదాకా పోయిన దాన్ని నేను. మా అబ్బాయి ఇంకా ఏడో దాంట్లోనే తిరగతా ఉండాడు."